పీఎస్‌ఏ చీటీ చెప్పేదెంత?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు అరవై దాటిన మగవాళ్ల చేతికొస్తున్న ఒక రక్తపరీక్ష గురించి

రిపోర్టులో 6.8 అని ఉంటుంది. పక్కనే 0 నుంచి 4 దాకా మామూలు అని అచ్చయి ఉంటుంది. హద్దు దాటింది కాబట్టి అంకెను లావు అక్షరాల్లో కొట్టి ఉంటారు. ల్యాబ్ కుర్రాడు ఏమీ చెప్పడు, చెప్పాల్సిన పని అతనిది కాదు. పెద్దాయన కాగితం మడిచి ఇంటికి తెచ్చి కొడుక్కి ఇస్తాడు. కొడుకు ఫోన్లో వెతుకుతాడు. మొదట కనబడే మాట క్యాన్సర్. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

అదే ఊళ్లో ఇంకో పెద్దాయన ఏడాదిగా నడుము నొప్పికి మాత్రలు మింగుతుంటాడు. పత్తి చేలో వంగి వంగి వచ్చిన నొప్పి అనుకుంటాడు, ఇంట్లోవాళ్లూ అదే అనుకుంటారు. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేవాల్సి వస్తోందని ఎవరికీ చెప్పడు. అడిగితే ‘వయసైపాయ గదప్పా’ అని తేల్చేస్తాడు. ఆయనకు ఈ పరీక్ష ఎవరూ రాయలేదు. రాసి ఉంటే అంకె నాలుగు కాదు, నాలుగు వందలు వచ్చేదేమో.

పీఎస్‌ఏ పరీక్షకున్న సమస్యంతా ఈ రెండు ఇళ్ల మధ్య ఉంది. అక్కర లేనివాళ్లకు ప్యాకేజీలో భాగంగా జరిగిపోతోంది. అక్కర ఉన్నవాళ్ల దాకా వెళ్లడం లేదు. ఇద్దరి విషయంలోనూ లోపించింది ఒక్కటే. సూది గుచ్చకముందు ఎవరో ఒకరు కూర్చుని పది నిమిషాలు మాట్లాడాలి. ఆ మాట్లాడడం జరగడం లేదు.

పడమటి కర్నూలులో

ఆదోనిది పత్తి మార్కెట్. జిన్నింగ్ మిల్లులు, హమాలీలు, కమీషన్ దుకాణాలతో ఊరు బతుకుతుంది. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరుది మగ్గం. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతా తిరిగాయి. రెండు ఊళ్ల చుట్టూ కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాలు. అన్నీ వాన కోసం ఎదురుచూసే నేలలే.

వైద్యం కోసం ఇక్కడివాళ్లు రెండు వైపులా పోతారు. ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే ఆదోని నుంచి వంద కిలోమీటర్ల ప్రయాణం. ఆలూరు మీదుగా బళ్లారి అంతకంటే దగ్గర. 1953 అక్టోబరు దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రం మారినా చుట్టరికాలు, బస్సులు, ఆసుపత్రి అలవాటు మారలేదు. ఈ సంగతికీ పీఎస్‌ఏకూ లంకె ఉంది. మొదటి పరీక్ష ఆదోనిలో, రెండోది బళ్లారిలో, మూడోది కర్నూలులో చేయించుకునే మనిషి ఇక్కడ అరుదు కాదు. మూడు చోట్లా వాడే రసాయనాలు ఒకటే కాకపోవచ్చు. ఒకే రక్తాన్ని రెండు కంపెనీల కిట్లతో కొలిస్తే ఇరవై శాతం దాకా తేడా రావచ్చు. 4.8 కాస్తా 3.9 అయిందంటే జబ్బు తగ్గినట్టు కాదు, 3.9 కాస్తా 4.8 అయిందంటే పెరిగినట్టూ కాదు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోవాలని, పాత రిపోర్టులన్నీ వెంట పెట్టుకుని వెళ్లాలని అందుకే చెప్పేది.

ఇంకొకటి కూడా ఉంది. చిన్న ల్యాబ్‌లో తీసిన రక్తం చాలాసార్లు పెద్ద ఊరికి ప్రయాణం చేస్తుంది. మొత్తం పీఎస్‌ఏ ఈ ప్రయాణాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. ‘ఫ్రీ పీఎస్‌ఏ’ అనే ఇంకో భాగం మాత్రం సీరం వేరు చేయకుండా, చల్లగా ఉంచకుండా గంటల తరబడి వదిలేస్తే పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నమూనా ఎలా వెళ్తుందో, ఎప్పుడు వెళ్తుందో అడిగే హక్కు డబ్బు కట్టిన మనిషికి ఉంది.

గ్రంథి, అది వదిలే పదార్థం

ప్రొస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. పడుచు వయసులో ఉసిరికాయంత, బరువు ఇరవై గ్రాముల దగ్గర ఉంటుంది. యాభై దాటాక చాలామందిలో మెల్లగా పెరుగుతుంది. పెరిగి నాళాన్ని నొక్కితే ధార సన్నబడుతుంది, మొదలుపెట్టడానికి ముక్కాల్సి వస్తుంది, అయిపోయాక కూడా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. గుంత మగ్గంలో కూర్చున్న నేతగాడికి ఇది పనిని తినేసే బాధ. మాటిమాటికీ గుంతలోంచి లేవాలి, లేచిన ప్రతిసారీ నేత ఆగుతుంది. ఇలా వయసుతో పెరగడం క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. అయితే రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. చిక్కంతా అక్కడే.

ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్ పేరు ప్రొస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. మూడు మాటల మొదటి అక్షరాలే పీఎస్‌ఏ. గడ్డకట్టిన వీర్యాన్ని పలచబరచడం దాని పని. వీర్యంలో అది మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. రక్తంలోకి జారేది దానిలో పది లక్షల వంతు, అందుకే నానోగ్రాముల్లో కొలుస్తారు. గ్రంథి గోడలు చెదిరితే రక్తంలోకి జారడం పెరుగుతుంది. క్యాన్సర్ చెదరగొట్టినా, చీము చెదరగొట్టినా, గ్రంథి పెరిగి ఎక్కువ తయారుచేసినా రక్తంలో కనిపించేది ఒకే అంకె. పీఎస్‌ఏ ప్రొస్టేట్ గురించి చెబుతుంది. ఆ ప్రొస్టేట్‌కు ఏమైందో చెప్పదు.

దీన్ని కనిపెట్టడానికి ముందు డాక్టర్ల చేతిలో యాసిడ్ ఫాస్ఫటేజ్ ఉండేది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ల రక్తంలో ఈ ఎంజైమ్ పెరుగుతుందని న్యూయార్క్‌లో గట్‌మన్ దంపతులు 1938లో చూపించారు. ఆ కొలతనే పట్టుకుని షికాగోలో చార్లెస్ హగిన్స్ 1941లో పెద్ద సంగతి తేల్చారు. మగ హార్మోను ఆపేస్తే ఈ క్యాన్సర్ కుంచించుకుపోతుంది. ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. హార్మోను ఆపే ఆ చికిత్స ముదిరిన జబ్బుకు నేటికీ మొదటి ఆసరా. ఫాస్ఫటేజ్‌లు విడగొట్టే ఫాస్ఫరస్‌ను కొలవడానికి ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి వాడిన పద్ధతుల్లో ఒకటి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. 1925 నాటి ఆ పద్ధతిలోని సుబ్బారావు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడే.

యాసిడ్ ఫాస్ఫటేజ్ జబ్బు పాకిపోయాకే పెరిగేది. ముందుగా చెప్పేది కావాలని వెతికారు. 1970లో రిచర్డ్ అబ్లిన్ ప్రొస్టేట్‌కు ప్రత్యేకమైన యాంటిజెన్ గురించి రాశారు. 1979లో బఫెలో నగరంలోని రాస్‌వెల్ పార్క్ పరిశోధన సంస్థలో మింగ్ చూ బృందం దాన్ని శుద్ధిచేసి వేరుచేసింది, మరుసటి ఏడాది రక్తంలో కొలిచింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1986లో దీనికి అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ ఉందని ముందే తెలిసినవాళ్లలో చికిత్స ఎలా పనిచేస్తోందో గమనించడానికి మాత్రమే ఆ అనుమతి. క్యాన్సర్‌ను పట్టుకోవడానికి వాడవచ్చని చెప్పింది 1994లో. ఈలోగానే పరీక్ష ఊరూరా పాకిపోయింది. 2010లో అబ్లినే న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, మగవాళ్లందరికీ దీన్ని మూకుమ్మడిగా చేయడం తప్పని తన గోడు చెప్పుకున్నారు.

అంకె ఎందుకు పెరుగుతుంది

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది. ప్రొస్టేట్ వాచి జ్వరం వస్తే పదులు దాటి పోతుంది. మూత్రం బిగబట్టుకుపోయి ఆసుపత్రికి పరుగెత్తి పైపు వేయించుకుంటే పెరుగుతుంది. ఆదోని వైపు చాలామందికి మొదటి పీఎస్‌ఏ పరీక్ష జరిగేది సరిగ్గా అప్పుడే. పైపు వేసి, రక్తం తీసి, అన్ని పరీక్షలతో పాటు ఇదీ పంపేస్తారు. ఆ రోజు వచ్చిన 15ను చూసి ఎవరూ క్యాన్సర్ అనకూడదు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చూడాలి. పరీక్షకు ముందు రెండు రోజులు భార్యాభర్తల కలయిక వద్దంటారు. ఎక్కువసేపు సైకిల్ తొక్కడమూ వద్దంటారు. ఈ మాట ఎంతమంది పెద్దవాళ్లకు ఎవరైనా చెప్పారు? సిగ్గుపడి చెప్పకపోతే నష్టపోయేది రోగే.

తగ్గించి చూపించేవీ ఉన్నాయి, వాటి గురించి ఇంకా తక్కువ మాట్లాడుకుంటాం. ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు రాసే మాత్రల్లో ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ అనే రెండు మందులు ఉన్నాయి. ఆరు నెలలు వాడాక పీఎస్‌ఏను దాదాపు సగానికి తెస్తాయి. టామ్సులోసిన్‌తో కలిపి ఒకే గొట్టంలో వచ్చే మాత్రల్లో చాలావాటిలో డ్యూటాస్టరైడ్ ఉంటుంది. ఆ మాత్ర ఏడాదిగా మింగుతున్న మనిషికి 3.5 వస్తే రిపోర్టు మామూలు అంటుంది. అసలు లెక్క ఏడు. ఆ మాత్ర వేసుకుంటూ ఉన్నా అంకె పెరుగుతోందంటే చిన్న పెరుగుదలైనా పట్టించుకోవాలి. మాత్రల అట్ట జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. జుట్టుకూ గోళ్లకూ అని వాడే బయోటిన్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొన్ని యంత్రాల లెక్క తప్పుతుంది, అదీ చెప్పండి.

ఇక ఆ నాలుగు అనే గీత. నాలుగు లోపు నిశ్చింత, దాటితే ప్రమాదం అనుకోవడం తప్పు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనమొకటి 2004లో దీన్ని తేల్చింది. ఏళ్ల తరబడి పీఎస్‌ఏ నాలుగు దాటని వాళ్లకు కూడా బయాప్సీ చేస్తే, అంటే సూదితో గ్రంథి ముక్క తీసి చూస్తే, వంద మందిలో పదిహేను మందికి క్యాన్సర్ కనబడింది. నాలుగుకూ పదికీ మధ్య ఉన్నవాళ్లలో క్యాన్సర్ ఉండేది దాదాపు నలుగురిలో ఒకరికి. అంటే 6.8 చూసి నిద్ర పట్టని ఇళ్లలో ఎక్కువ ఇళ్లు లేని జబ్బు గురించి భయపడుతున్నాయి. వయసు పెరిగే కొద్దీ హద్దు కూడా జరుగుతుంది. నలభైల్లో రెండున్నర దాటితే ఆలోచించాలి, డెబ్బైల్లో ఆరున్నర దాకా ఉండవచ్చని 1993 నుంచీ చెబుతున్నారు.

అంకె మీద అనుమానం నిలిచాక నేరుగా సూదుల బయాప్సీకి పోయే రోజులు మారుతున్నాయి. మళ్లీ పరీక్ష చేస్తారు. వేలితో గ్రంథిని తడిమి చూస్తారు, దీనికి సిగ్గుపడి పారిపోయే పెద్దలు ఎక్కువ. నిమిషం పట్టని ఆ పరీక్షలో తగిలే గట్టి గడ్డ పది రిపోర్టులకన్నా ఎక్కువ చెబుతుంది. ఫ్రీ పీఎస్‌ఏ మొత్తంలో పది శాతం కన్నా తక్కువ ఉంటే అనుమానం పెరుగుతుంది, ఇరవై ఐదు దాటితే తగ్గుతుంది. గ్రంథి పరిమాణంతో పీఎస్‌ఏను భాగిస్తే 0.15 కన్నా తక్కువ రావడం ఊరట. ఎమ్మారై తీస్తే ముక్క ఎక్కడ తీయాలో తెలుస్తుంది, అసలు తీయాలో వద్దో కూడా కొంత తెలుస్తుంది. ఇంతా అయ్యాకే బయాప్సీ. క్యాన్సర్ ఉందా, ఉంటే ఎంత దూకుడైనది అని తేల్చేది ఆ ముక్కే, రక్తం కాదు.

అందరికీ చేయాలా

వేరే కారణాలతో చనిపోయిన ముసలివాళ్ల ప్రొస్టేట్‌లను పరీక్షించినప్పుడు చాలామందిలో చిన్న చిన్న క్యాన్సర్ గడ్డలు కనిపించాయి. బతికినన్నాళ్లూ అవి వాళ్లను ఏమీ చేయలేదు. అందరికీ పీఎస్‌ఏ చేస్తే ఇలాంటివీ బయటపడతాయి. బయటపడ్డాక ఊరుకోవడం కష్టం. ఆపరేషన్, రేడియేషన్ తర్వాత మూత్రం కారడం, మగతనం తగ్గడం కొందరికి జీవితాంతం మిగిలిపోతాయి.

ప్రాణాలు దక్కుతాయా? యూరప్‌లో ఎనిమిది దేశాల్లో లక్షా అరవై రెండు వేల మంది మగవాళ్లతో జరిగిన పరిశోధనకు 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన వర్గంలో ప్రొస్టేట్ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక చావు తప్పింది. ఒక ప్రాణం నిలవడానికి అదనంగా పన్నెండు మందికి క్యాన్సర్ రోగి అనే ముద్ర పడింది. బ్రిటన్‌లో పీఎస్‌ఏతో బయటపడి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, మిగిలినవాళ్లను జాగ్రత్తగా గమనిస్తూ ఉండిపోయారు. పదిహేనేళ్ల తర్వాత మూడు గుంపుల్లోనూ ఈ జబ్బుతో పోయింది వందకు సుమారు ముగ్గురే. 2023లో వచ్చిన ఈ ఫలితం చూశాక, రిపోర్టు వచ్చిన వారంలోనే ఆపరేషన్ టేబుల్ ఎక్కించే తొందర నాకు అర్థం కాదు.

అలాగని పరీక్షే వద్దనలేం. అమెరికా నిపుణుల సంఘం 2012లో వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు డాక్టరుతో మాట్లాడి తామే తేల్చుకోవాలంది. డెబ్బై దాటితే మామూలుగా అవసరం లేదంది. 2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. ఆయన చివరి పీఎస్‌ఏ పరీక్ష 2014లో జరిగిందని కార్యాలయం చెప్పింది. ఆ వార్త తర్వాత డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఇక్కడి నాన్నకు ఫోన్ చేసి ‘అన్ని పరీక్షలూ చేయించుకో నాయనా’ అనడం సహజం. ఆ ప్రేమను కాదనను. డెబ్బై ఎనిమిదేళ్లవాడికి, మూత్రం బాధ ఏమీ లేనివాడికి ప్యాకేజీలో పీఎస్‌ఏ కలిపి పంపేముందు ఒక డాక్టరును అడగండి అంటాను. తండ్రికో అన్నదమ్ముడికో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే యాభైకి ముందే అడగాలి. అరవై ఏళ్లకు పీఎస్‌ఏ ఒకటి లోపే ఉన్న మనిషికి ఈ జబ్బుతో చావు రావడం చాలా అరుదని స్వీడన్ అనుభవం చెబుతోంది. అలాంటివాళ్లు ఏటేటా ల్యాబ్‌కు పోనక్కర లేదు.

మన దేశంలో ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి వెతికే క్యాన్సర్లు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రొస్టేట్ ఆ జాబితాలో లేదు. 2022 అంచనాల్లో దేశంలో కొత్తగా ఈ జబ్బు బయటపడినవాళ్లు సుమారు 38 వేల మంది. మన దగ్గర బాధ అందరికీ పరీక్ష చేయకపోవడం కాదు. లక్షణాలు మొదలైనా రాకపోవడం.

నడుము నొప్పి అనుకున్నది

ఇక్కడ గొంతు పెంచి చెప్పాల్సింది ఒకటి ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా చేరే చోటు నడుము, కటి ఎముకలు. అరవై దాటిన మగవాడికి పడుకున్నా తగ్గని, రాత్రిళ్లు లేపే నడుము నొప్పి కొత్తగా వస్తే, బరువు తగ్గుతుంటే, మూత్రం బాధ కూడా ఉంటే, ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూది దగ్గర ఆగిపోకూడదు. అక్కడ పీఎస్‌ఏ అనవసరం కాదు, అత్యవసరం. వందలు, వేలు వచ్చే రిపోర్టులు ఇలాంటివాళ్లవే. కాళ్లు తిమ్మిరెక్కి బలం పోతుంటే, మూత్రం, మలం పట్టు తప్పుతుంటే వెన్నుపాము నలుగుతోందని అర్థం. ఆ రోజే కర్నూలు చేరాలి. రోజు ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు. ఇంత ముదిరిన జబ్బుకు కూడా హగిన్స్ చూపిన దారి ఉంది. హార్మోను ఆపే ఇంజెక్షన్లు ఉన్నాయి, వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఉంది. నొప్పి వారాల్లో తగ్గి మనిషి లేచి తిరుగుతాడు, ఏళ్లు బతుకుతాడు. ఇక్కడ పీఎస్‌ఏ తన అసలు పని చేస్తుంది. చికిత్స పనిచేస్తుంటే అంకె పడిపోతుంది, లొంగకపోతే నెలల ముందే పైకి లేచి చెబుతుంది. ప్రొస్టేట్ మొత్తం తీసేసినవాళ్లలో అది దాదాపు సున్నాకు రావాలి, 0.2కు లేచిందంటే డాక్టరు మళ్లీ వెతుకుతాడు.

సుగ్గికి పోయినవాడి ఆరు వారాలు

ఆరు వారాలకు మళ్లీ రండి అనే మాట ఈ ప్రాంతంలో ఎలా వినబడుతుందో పట్నం డాక్టరు ఊహించలేడు. పంట చేతికి రాక కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం ఊళ్లు సుగ్గికి పోతాయి. సామాన్లు, పిల్లలు, ముసలివాళ్లతో సహా గుంటూరు వైపు మిరప కోతలకు. నెలల తరబడి చేను పక్క గుడారమే ఇల్లు. నవంబరులో వచ్చిన 7.2కు జనవరిలో రెండో పరీక్ష ఎవరు చేస్తారు? రిపోర్టు ఊళ్లో తాళం వేసిన ఇంట్లో ఉంటుంది. తిరిగొచ్చాక నొప్పి లేకపోతే ఎవరికీ గుర్తుండదు.

దీనికి యంత్రాలకన్నా ముందు కావాల్సినవి ఏడు ప్రశ్నలు. ప్రపంచమంతా డాక్టర్లు 1992 నుంచి వాడుతున్నవే. పోసుకున్నాక ఇంకా మిగిలినట్టు ఉందా, రెండు గంటలు తిరక్కుండానే మళ్లీ పోవాల్సి వస్తోందా, మధ్యలో ఆగి ఆగి వస్తోందా, ఆపుకోలేకపోతున్నావా, ధార సన్నబడిందా, ముక్కాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. మొత్తం ఏడు దాకా అయితే తేలిక, ఇరవైకి చేరితే తీవ్రం. రక్తం అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. ఇది క్యాన్సర్‌ను పట్టుకునే పరీక్ష కాదు. బాధ ఉన్నవాడిని డాక్టరు ముందుకు తెచ్చే పరీక్ష.

అడిగేది ఎవరన్నదీ ఆలోచించాలి. గడప గడపకూ వచ్చే ఆశా కార్యకర్త ఊళ్లో కోడలో కూతురో అవుతుంది. ఒంటేలు సంగతి ఆమె ముందు విప్పే పెద్దాయన ఈ వైపు దొరకడు. మగ ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు, పీహెచ్‌సీ డాక్టర్లు ఫ్యామిలీ డాక్టర్ పేరుతో ఊళ్లకు వస్తున్నారు. ఆపరేషన్‌కు, క్యాన్సర్ చికిత్సకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఆ ఏడు ప్రశ్నలు కోసిగి రచ్చబండ మీద, ఆదోని యార్డులో హమాలీలు భోజనానికి కూర్చున్నప్పుడు, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మగవాళ్లే మగవాళ్లను అడగాలి. సుగ్గి లారీలు కదలక ముందు, దీపావళి లోపు అడిగితే ఆరు వారాల గడువు ఊళ్లోనే తీరిపోతుంది.

మార్కులు ఎక్కువ వచ్చినవాడికి అప్పుడు రాయండి పీఎస్‌ఏ. మూత్ర పరీక్ష చేసి, ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, ఏ మాత్రలు మింగుతున్నాడో అడిగి రాయండి. అంకె వచ్చిన రోజు ఆయన్ని పిలిచి, పక్కన భార్యనో కొడుకునో కూర్చోబెట్టుకుని, దాని అర్థం ఆయన భాషలో చెప్పండి.